రైతుబంధు నుంచి రైతు భరోసా దాకా: హిమాయత్‌నగర్ వైపు పొలాల్లో దళితుల వాటా ఎక్కడ ఆగుతోంది?

హైదరాబాద్ నుంచి చేవెళ్ల వైపు పోయే బీజాపూర్ రోడ్డు మీద, రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలంలో హిమాయత్‌నగర్ ఉంది. నగరంలో లిబర్టీ పక్కనున్న హిమాయత్‌నగర్ వేరు, ఇది వేరు. మొయినాబాద్, చేవెళ్ల మండలాలు పూలకు, కూరగాయలకు పేరున్న ప్రాంతం. పత్తి, మొక్కజొన్న, జొన్న కూడా వేస్తారు. అవే పొలాల పక్కన ఫామ్‌హౌస్‌లు, ఫంక్షన్ హాళ్లు, ఇంజనీరింగ్ కాలేజీలు, ప్రహరీ గోడల వెనుక ఖాళీగా ఉన్న ఎకరాలు కనిపిస్తాయి. 2018 నుంచి రాష్ట్ర ప్రభుత్వం ఎకరానికి ఇంత అని పెట్టుబడి సాయం ఇస్తోంది. ఈ పొలాల్లో నాట్లు వేసేది, కలుపు తీసేది, పూలు తెంపేది ఎక్కువగా దళిత, బహుజన కుటుంబాలు. సాయం మాత్రం పాసుపుస్తకంలో పేరున్నవారి ఖాతాలోకి పోతుంది.

ఈ రెండు పేర్లు ఎందుకు వేరయ్యాయో వివరించడానికి ఈ వ్యాసం రాస్తున్నాం. పథకాల చరిత్ర, డబ్బు కదిలే పద్ధతి, దళితుల భూములకున్న రకరకాల పత్రాలు, కౌలుదారుల, కూలీల పరిస్థితి, ఊరిలో పనిచేసే కార్యకర్త అడగాల్సిన ప్రశ్నలు ఒక్కచోట పెడుతున్నాం. మా వాదన ఒక్కటే. పెట్టుబడి సాయంలో దళితులకు జరుగుతున్న నష్టం పథకం అమలులో వచ్చిన లోపం మాత్రమే కాదు. భూమి రికార్డుల్లో డెబ్బై ఏళ్లుగా పేరుకుపోయిన అన్యాయాన్నే ఆ పథకం ప్రతి సీజన్‌లో కొత్తగా లెక్కగట్టి చూపిస్తోంది.

పథకాలు: 2018 నుంచి 2025 వరకు

రైతుబంధు 2018 మే 10న కరీంనగర్ జిల్లా హుజూరాబాద్ మండలం శాలపల్లి–ఇందిరానగర్‌లో మొదలైంది. అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్‌రావు దాన్ని ప్రారంభించారు. మొదట ఎకరానికి వానాకాలంలో 4 వేలు, యాసంగిలో 4 వేలు ఇచ్చారు. 2019 వానాకాలం నుంచి సీజన్‌కు 5 వేలు, ఏడాదికి 10 వేలు చేశారు. మొదటి విడత చెక్కుల రూపంలో వచ్చింది, ఆ తర్వాత నేరుగా బ్యాంకు ఖాతాల్లో వేశారు. 2018–19 బడ్జెట్‌లో దీనికి 12 వేల కోట్లు కేటాయించారు. ఎన్ని ఎకరాలున్నా పరిమితి లేదు. ఉద్యోగం ఉందా, ఆదాయపు పన్ను కడుతున్నారా అని కూడా చూడలేదు. ఇష్టమున్నవాళ్లు సాయాన్ని వదులుకోవచ్చని 'గివ్ ఇట్ అప్' పిలుపు మాత్రం ఇచ్చారు.

అదే ఏడాది ఆగస్టు 15 నుంచి రైతుబీమా వచ్చింది. 18 నుంచి 59 ఏళ్ల మధ్య వయసున్న పట్టాదారు ఏ కారణంతో చనిపోయినా కుటుంబానికి ఎల్ఐసీ ద్వారా 5 లక్షలు అందుతాయి. దానికీ అర్హత పాసుపుస్తకమే.

కేంద్రం 2019 ఫిబ్రవరి 24న పీఎం కిసాన్ మొదలుపెట్టింది. ఏడాదికి మూడు విడతల్లో 6 వేలు ఇస్తారు. ఇది ఎకరాల లెక్క కాదు, కుటుంబానికి ఇంత అని. ఆదాయపు పన్ను కట్టేవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగుల్లో ఎక్కువమంది, సంస్థల పేరిట ఉన్న భూములు దీని పరిధిలోకి రావు. ఇక్కడ కూడా భూమి సొంత పేరు మీద ఉండాలి, అదీ 2019 ఫిబ్రవరి 1 నాటికి రికార్డులో ఉండాలి.

2023 ఎన్నికల ముందు కాంగ్రెస్ పార్టీ రైతులకూ కౌలు రైతులకూ ఎకరానికి ఏడాదికి 15 వేలు, వ్యవసాయ కూలీలకు 12 వేలు ఇస్తామని హామీ ఇచ్చింది. అధికారంలోకి వచ్చాక 2024 వానాకాలానికి సాయం రాలేదు. 2025 జనవరి 26న రైతు భరోసా పేరుతో పథకం మళ్లీ మొదలైంది. ఎకరానికి సీజన్‌కు 6 వేలు, ఏడాదికి 12 వేలు. సాగుకు పనికిరాని భూములను తీసేస్తామని అన్నారు. అదే రోజు భూమి లేని కూలీ కుటుంబాలకు ఏడాదికి 12 వేలు ఇచ్చే ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కూడా ప్రారంభమైంది. కౌలు రైతులు మాత్రం ఈసారి కూడా జాబితాలోకి రాలేదు.

డబ్బు ఎలా కదులుతుంది

పథకానికి ముందు 2017 సెప్టెంబరు 15 నుంచి డిసెంబరు 31 వరకు రాష్ట్రమంతా భూ రికార్డుల ప్రక్షాళన చేశారు. వివాదం లేవనుకున్న భూములను పార్ట్–ఎ అన్నారు, వివాదాలున్నవాటిని పార్ట్–బి అన్నారు. పార్ట్–ఎ వాళ్లకు కొత్త పాసుపుస్తకం వచ్చింది, దాంతోపాటు సాయమూ వచ్చింది. పార్ట్–బిలో పడ్డవాళ్లకు రెండూ ఆగిపోయాయి.

ఆ ప్రక్షాళనలో ఇంకో మార్పు జరిగింది. దాన్ని గమనించినవాళ్లు తక్కువ. పాత పహాణీలో పట్టాదారు కాలమ్‌తో పాటు అనుభవదారు కాలమ్ ఉండేది. భూమి ఎవరి పేరు మీద ఉన్నా ఈ ఏడు దున్నుతున్నది ఎవరో ఊరి రికార్డులో రాసేవాళ్లు. కౌలుదారుకు, సాదాబైనామా మీద కొన్నవాడికి, అసైన్డ్ భూమి నుంచి గెంటివేతకు గురైనవాడికి కోర్టులో చూపించుకోవడానికి ఉన్న ఒక్క కాగితం చాలాసార్లు అదే. కొత్త రికార్డుల్లో ఆ కాలమ్ తీసేశారు. 2020 అక్టోబరు 29న వచ్చిన ధరణి పోర్టల్ కూడా పట్టాదారు పేరు మీదే నిలబడింది. దున్నేవాడి పేరు రాసే చోటే లేకపోతే, దున్నేవాడికి డబ్బు వేయాలన్నా ఏ పేరు మీద వేస్తారు?

లెక్క గుంటల్లో వేస్తే తేడా బాగా అర్థమవుతుంది. ఎకరానికి 40 గుంటలు. సీజన్‌కు ఎకరానికి 6 వేలంటే గుంటకు 150 రూపాయలు. 20 గుంటల అసైన్డ్ భూమి ఉన్న కుటుంబానికి సీజన్‌కు 3 వేలు, ఏడాదికి 6 వేలు వస్తాయి. 30 ఎకరాలున్నవారికి సీజన్‌కు లక్షా 80 వేలు, ఏడాదికి 3 లక్షల 60 వేలు వస్తాయి. మూడెకరాలు కౌలుకు చేసేవాడికి వచ్చేది సున్నా. 1973 భూ పరిమితి చట్టం ప్రకారం ఒక కుటుంబం మెట్ట భూమి 54 ఎకరాల దాకా ఉంచుకోవచ్చు. అంటే ఒక్కరికి ఏడాదికి ఆరు లక్షల పైచిలుకు పోయినా ఈ పథకంలో నియమం ఏదీ తప్పినట్టు కాదు.

లబ్ధిదారుల్లో దాదాపు 90 శాతం మంది ఐదెకరాల లోపు వాళ్లేనని ప్రభుత్వాలు చెబుతూ వచ్చాయి. తలల లెక్క నిజమే కావచ్చు. కానీ డబ్బు తలల మీద పోదు, ఎకరాల మీద పోతుంది. అందుకే ఎంతమందికి వచ్చింది అని అడిగి ఊరుకోకూడదు. ఏ కులానికి ఎన్ని ఎకరాల మీద ఎంత వచ్చిందో అడగాలి. 2024 కులగణన ప్రకారం రాష్ట్ర జనాభాలో ఎస్సీలు 17.43 శాతం. పెట్టుబడి సాయం మొత్తంలో వాళ్ల వాటాను దీని పక్కన పెట్టి ప్రతి సీజన్‌కూ ప్రకటించాలి.

హిమాయత్‌నగర్ చుట్టూ భూమి ఎవరిది

ఈ ప్రాంతానికి ఒక ప్రత్యేకత ఉంది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాలను కాపాడటానికి 1996 మార్చి 8న జీవో 111 వచ్చింది. మొయినాబాద్, చేవెళ్ల, శంకర్‌పల్లి, శంషాబాద్, షాబాద్ తదితర మండలాల్లోని 84 గ్రామాల్లో, సుమారు 1.32 లక్షల ఎకరాల్లో పెద్ద నిర్మాణాల మీద, పరిశ్రమల మీద ఆంక్షలు పెట్టారు. 2022 ఏప్రిల్ 12న జీవో 69తో ఆంక్షలు సడలించారు. 2023 మేలో జీవో 111ను ఎత్తివేస్తున్నట్టు మంత్రివర్గం నిర్ణయించింది.

ఆంక్షలున్నన్నాళ్లూ భూమి అమ్మకాలు ఆగలేదు. నగరం పక్కనే తక్కువ ధరకు భూమి దొరుకుతుందని డాక్టర్లు, వ్యాపారులు, సినిమావాళ్లు, అధికారులు, రాజకీయ నాయకులు కొన్నారు. ఫామ్‌హౌస్‌లు వచ్చాయి, గుంటల లెక్కన అమ్మకాలు జరిగాయి. కానీ వ్యవసాయేతర భూమిగా మార్చుకునే దారి మూసి ఉండటంతో కాగితం మీద ఆ భూమి వ్యవసాయ భూమిగానే మిగిలిపోయింది. వ్యవసాయ భూమి కాబట్టి పాసుపుస్తకం వచ్చింది, పాసుపుస్తకం ఉంది కాబట్టి పెట్టుబడి సాయానికి తలుపు తెరుచుకుంది. చెరువును కాపాడటానికి వచ్చిన ఆంక్ష, దున్నని భూమికి దున్నకానికి ఇచ్చే డబ్బు తెచ్చిపెట్టే పరిస్థితికి దారితీసింది.

రాష్ట్రమంతా ఇలాంటి చెల్లింపులు ఉన్నాయని ప్రభుత్వమే ఒప్పుకుంది. సాగులో లేని భూములకు రైతుబంధు కింద 20 వేల కోట్లకు పైగా పోయిందని 2024 డిసెంబరులో శాసనసభలో చెప్పారు. రాళ్లు, గుట్టలు, రోడ్లు, వెంచర్లు, ప్రభుత్వం సేకరించిన భూములు అందులో ఉన్నాయి. 2025 జనవరి 16 నుంచి క్షేత్రస్థాయి పరిశీలన చేసి, 21 నుంచి 24 వరకు గ్రామసభలు పెట్టారు. ఆ పరిశీలనలో అడిగింది 'ఈ భూమి సాగుకు పనికొస్తుందా' అని మాత్రమే. 'ఈ భూమిని సాగు చేస్తున్నది ఎవరు' అని అడగలేదు. కాంపౌండు గోడ లోపల నాలుగు మామిడి చెట్లుంటే ఆ భూమి సాగు యోగ్యమే. ఆ చెట్లకు నీళ్లు పెట్టే కాపలాదారు కుటుంబం మాత్రం ఏ జాబితాలోనూ ఉండదు.

దళితుల భూములు: ఆరు రకాల కాగితాలు, ఆరు రకాల అడ్డంకులు

దళితులకు భూమి లేదు అనే మాట సగం నిజం. చాలా ఊళ్లలో దళితులకు భూమి ఉంది, కానీ వేరే వేరే పేర్లతో, వేరే వేరే చట్టాల కింద, ఎప్పుడూ పూర్తికాని హక్కుతో ఉంది. కార్యకర్తలు ముందుగా తెలుసుకోవాల్సింది తమ ఊరి భూమి ఏ రకం అన్నది.

1. ఇనాం భూములు. నిజాం కాలంలో ఊరి పనులు చేసే మాదిగ, మాల కుటుంబాలకు సేత్‌సింధీ, నీరడి, బలూత ఇనాముల పేరుతో కొద్దికొద్దిగా భూములుండేవి. కబురు మోయడం, చెరువు నీళ్లు వదలడం, కావలి కాయడం వాళ్ల పని. 1955లో తెలంగాణ ప్రాంత ఇనాం రద్దు చట్టం వచ్చింది. ఇనాం భూమికి ఆర్డీవో దగ్గర ఓఆర్‌సీ, అంటే అనుభవ హక్కు పత్రం తెచ్చుకుంటే తప్ప పట్టా కాదు. తాతల నుంచి దున్నుతున్నా రికార్డులో 'ఇనాం' అన్న మాట ఉన్నంతకాలం కొత్త పాసుపుస్తకం కష్టమే.

2. అసైన్డ్ భూములు. లావణి పట్టాలని ఊళ్లో పిలుస్తారు. ప్రభుత్వం పేదలకు ఇచ్చిన ఈ భూములను అమ్మకూడదు, కొనకూడదు అని 1977 చట్టం చెబుతుంది. అమ్మినా అది చెల్లదు, భూమిని వెనక్కి తీసుకుని అసలు లబ్ధిదారుకు ఇవ్వవచ్చు. నగరం దగ్గరపడేకొద్దీ అప్పు పేరుతో, ఒప్పంద పత్రం పేరుతో, బెదిరింపుతో చాలా అసైన్డ్ భూములు చేతులు మారాయి. 2006లో నివేదిక ఇచ్చిన కోనేరు రంగారావు భూమి కమిటీ 104 సిఫార్సులు చేసింది. పేదల చేతుల్లోంచి జారిపోయిన అసైన్డ్ భూముల సంగతి అందులో ముఖ్యమైనది. సొంత చేతిలో ఉన్న అసైన్డ్ భూమికి పెట్టుబడి సాయం వస్తుంది. సర్వే నంబరు మొత్తాన్ని నిషేధిత జాబితాలో పెట్టడం వల్లో, రికార్డులో విస్తీర్ణం తక్కువ పడటం వల్లో ఆగిపోయిన కేసులే ఎక్కువ.

3. సాదాబైనామా. తెల్లకాగితం మీద రాసుకుని కొన్న భూమి. రిజిస్ట్రేషన్ ఖర్చు భరించలేని పేదలు ఇలాగే కొన్నారు. వీటి క్రమబద్ధీకరణకు 2020 అక్టోబరు, నవంబరు నెలల్లో దరఖాస్తులు తీసుకున్నారు. సుమారు 9 లక్షలు వచ్చాయి. కోర్టు స్టేతో అవి ఏళ్ల తరబడి కదల్లేదు. 2025 ఆగస్టులో హైకోర్టు అడ్డంకి తొలగించాకే మళ్లీ పరిశీలనకు వచ్చాయి. ఈ మధ్యకాలంలో సాయమంతా పాత పట్టాదారు ఖాతాలోకే పోయే అవకాశం ఉంది. భూమి అమ్మిన కుటుంబానికి పెట్టుబడి సాయం, కొని దున్నుతున్న కుటుంబానికి పెట్టుబడి ఖర్చు.

4. రక్షిత కౌలుదారులు. 1950 హైదరాబాద్ కౌలుదారీ చట్టంలోని 38–ఇ సెక్షన్ రక్షిత కౌలుదారుకు యాజమాన్యం ఇస్తుంది. రంగారెడ్డి జిల్లాలో 38–ఇ సర్టిఫికెట్ల మీద వివాదాలు నేటికీ నడుస్తున్నాయి. సర్టిఫికెట్ ఉన్నా పహాణీలో పేరు ఎక్కని కుటుంబాలకు పాసుపుస్తకం లేదు.

5. విరాసత్. తండ్రి చనిపోయాక అన్నదమ్ముల మధ్య, అక్కచెల్లెళ్ల మధ్య పంపకం కాని భూమి. చనిపోయిన మనిషి పేరు మీదే ఖాతా ఉంటే డబ్బు ఆగుతుంది, లేదా ఒక్కరి ఖాతాలో పడుతుంది. దళిత ఒంటరి మహిళలు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే.

6. భూదాన్, భూమి కొనుగోలు పథకం భూములు. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళితులు 80 ఎకరాలు అడిగితే భూదానోద్యమం పుట్టింది. ఆ ఉద్యమంలో వచ్చిన భూములు హైదరాబాద్ చుట్టూ ఇప్పుడు కోట్ల విలువైన వివాదాలు. 2014 ఆగస్టు 15న మొదలైన 'దళితులకు మూడెకరాలు' పథకం రాష్ట్రమంతా కలిపి కొన్ని వేల కుటుంబాల దగ్గరే ఆగిపోయింది.

అసైన్డ్ భూముల విషయంలో ఈ ప్రాంతం పేరు న్యాయచరిత్రలో ఉంది. ప్రభుత్వం ఏదో అవసరం కోసం అసైన్డ్ భూమి వెనక్కి తీసుకుంటే పరిహారం ఇవ్వాలా వద్దా అన్న వివాదంలో చేవెళ్ల డివిజన్ ఆర్డీవో ఒక పక్షంగా ఉన్న మేకల పాండు కేసు హైకోర్టు విస్తృత ధర్మాసనం ముందుకు వచ్చింది. పట్టాభూమి యజమానితో సమానంగా అసైన్డ్ భూమి పేదకూ పరిహారం దక్కాలని 2004లో తీర్పు వచ్చింది. అసైన్డ్ భూమి ప్రభుత్వ దయ కాదు, హక్కు అని చెప్పడానికి ఆ తీర్పు నేటికీ ఆయుధమే.

ఆ తర్వాత ఇదే చేవెళ్లలో 2023 ఆగస్టు 26న కాంగ్రెస్ ఎస్సీ, ఎస్టీ డిక్లరేషన్ ప్రకటించింది. మల్లికార్జున ఖర్గే ఆ సభకు వచ్చారు. ఎస్సీ, ఎస్టీల నుంచి పోయిన అసైన్డ్ భూములను అన్ని హక్కులతో తిరిగి ఇస్తామన్నది అందులోని హామీల్లో ఒకటి. చేవెళ్ల ఎస్సీ రిజర్వుడు అసెంబ్లీ స్థానం కూడా. ఈ ప్రాంతపు దళితులు ఆ హామీని సర్వే నంబర్లతో సహా అడగాలి.

కౌలుదారు ఎక్కడ?

కౌలు అనేది భూయజమానికీ కౌలుదారుకూ మధ్య ఒప్పందమని, అందులో తాము జోక్యం చేసుకోబోమని రైతుబంధు తెచ్చిన ప్రభుత్వం బహిరంగంగానే చెప్పింది. రైతు స్వరాజ్య వేదిక 2022లో 20 జిల్లాల్లోని 34 గ్రామాల్లో సర్వే చేస్తే, సాగుదారుల్లో మూడోవంతుకు పైగా కౌలుదారులని తేలింది. ఇంతమందిని వదిలేసిన పథకాన్ని రైతు పథకం అనడం కంటే భూయజమాని పథకం అనడం సరైనది.

చట్టం లేక ఇలా జరగలేదు. 2011లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన సాగుదారుల చట్టం కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇవ్వమంది. తెలంగాణ వచ్చాక దాన్ని పక్కనపెట్టారు. ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం తెచ్చింది. అక్కడి వైఎస్సార్ రైతు భరోసాలో భూమిలేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదారులకు ఏడాదికి 13,500 రూపాయలు ఇచ్చారు. అక్కడా చిక్కుంది. కార్డు రావాలంటే యజమాని సంతకం కావాలి, యజమానులు సంతకం పెట్టరు. ఒడిశా 2019లో కాలియా పథకంలో భాగస్వామ్య సాగుదారులను, భూమిలేని కుటుంబాలను కూడా చేర్చింది. ఈ అనుభవాల నుంచి తెలంగాణ నేర్చుకోవాల్సింది ఒకటుంది. సంతకం యజమానిది కాకూడదు, గ్రామసభది కావాలి. పక్క పొలంవాళ్లు, ఊరివాళ్లు సాక్ష్యం చెబితే సాగుదారు ఎవరో ఒక పూటలో తేలిపోతుంది.

సాయం ఒక్కటే కాదు. పంట రుణం, 2024 జులై, ఆగస్టు నెలల్లో జరిగిన 2 లక్షల రుణమాఫీ, రైతుబీమా, అన్నిటికీ మూలం పాసుపుస్తకమే. ఒక్క కాగితం లేనందుకు దళిత కౌలుదారు అన్ని దారుల్లోనూ వడ్డీ వ్యాపారి దగ్గరకే చేరతాడు.

కూలీ ఎక్కడ?

ఇందిరమ్మ ఆత్మీయ భరోసాను మేము స్వాగతిస్తున్నాం. భూమి లేని కూలీని రైతు పథకాల పక్కన నిలబెట్టడం ఇదే మొదలు. కానీ షరతులు చూడాలి. కుటుంబం 2023–24లో కనీసం 20 రోజులు ఉపాధి హామీ పని చేసి ఉండాలి. కుటుంబానికి భూమి ఉండకూడదు. ఐదు గుంటలున్నా కూలీ జాబితాలో పేరు పోతుంది. అప్పుడు రైతు భరోసా కింద ఏడాదికి వచ్చేది 1,500 రూపాయలు. అసలు భూమి లేకపోతే 12 వేలు వచ్చేవి. దళితవాడలో ఐదు, పది గుంటల కుటుంబాలు తక్కువేమీ కావు.

హిమాయత్‌నగర్ లాంటి నగరం అంచు ఊళ్లకు రెండో చిక్కు ఉంది. ఇక్కడి ఆడవాళ్లు పూల తోటల్లో, ఫామ్‌హౌస్‌లలో, ఫంక్షన్ హాళ్లలో రోజుకూలీకి పోతారు, ఉపాధి హామీ పనికి తక్కువ పోతారు. వాళ్లు కూలీలే, కానీ కార్డులో 20 రోజులు ఉండవు. మొయినాబాద్, చేవెళ్ల ఇటీవల మున్సిపాలిటీలయ్యాయి. మున్సిపాలిటీలో కలిసిన ఊరికి ఉపాధి హామీ ఉండదు, దాంతో ఆ అర్హత కూడా పోతుంది. పట్టణ ప్రాంతాల్లోని వ్యవసాయ కూలీలకూ ఈ సాయం ఇచ్చే విషయం పరిశీలించమని 2025 జనవరిలో హైకోర్టు ప్రభుత్వానికి చెప్పింది. ఊరు మున్సిపాలిటీ అయినంత మాత్రాన దళితవాడకు భూమి రాదు.

బయట ఎలా ఉంది

ఎకరాల మీద ఇచ్చే సాయం పెద్దవాళ్లకే పోవడం మన దగ్గరే కాదు. ఐరోపా దేశాల ఉమ్మడి వ్యవసాయ విధానంలో నేరుగా ఇచ్చే డబ్బులో సుమారు 80 శాతం 20 శాతం మంది లబ్ధిదారులకే పోతుందని ఏళ్లుగా లెక్కలు చెబుతున్నాయి. మనకు ఇంకా దగ్గరగా ఉన్నది అమెరికా నల్లజాతి రైతుల అనుభవం. వ్యవసాయ రుణాల్లో, సాయాల్లో తమపై జాతి వివక్ష చూపారని వాళ్లు వేసిన పిగ్‌ఫోర్డ్ కేసు 1999లో పరిష్కార ఒప్పందానికి వచ్చింది. వాళ్లకు ఇంకో అడ్డంకి ఉండేది. తాతల నుంచి పంపకం కాకుండా వచ్చిన భూమికి స్పష్టమైన పత్రం లేకపోతే ప్రభుత్వ పథకాల్లో నమోదు కుదిరేది కాదు. అది మన విరాసత్ సమస్యే. 2018 వ్యవసాయ చట్టంలో దానికి దారి తెరిచారు. ఇతర ఆధారాలతో సాగు చేస్తున్నట్టు చూపితే నమోదు చేయాలన్నారు. అదే 2018లో ఇక్కడ అనుభవదారు కాలమ్ లేని కొత్త పాసుపుస్తకాలు పంచారు.

కార్యకర్తలు, విద్యార్థులు ఏం చేయవచ్చు

ముందు దళితవాడ భూముల జాబితా తయారు చేయండి. ప్రతి కుటుంబానికీ సర్వే నంబరు, విస్తీర్ణం, భూమి రకం, పాసుపుస్తకం ఉందా లేదా, గత రెండు సీజన్లలో ఎంత పడింది అన్నది రాయండి. 1954–55 ఖాస్రా పహాణీ, 2017కు ముందటి పహాణీల నకళ్లు తీసుకోండి. అనుభవదారు కాలమ్‌లో ఎవరి పేరుందో వాటిలోనే తెలుస్తుంది.

రెండోది, సమాచార హక్కు. 2005 చట్టంలోని సెక్షన్ 4(1)(బి) ప్రకారం సబ్సిడీ పథకాల అమలు తీరు, కేటాయించిన మొత్తాలు, లబ్ధిదారుల వివరాలు ప్రభుత్వం తనంతట తాను ప్రకటించాలి. గ్రామాల వారీగా, కులాల వారీగా, ఎకరాల శ్రేణుల వారీగా చెల్లింపుల లెక్క అడగండి. వ్యక్తుల బ్యాంకు వివరాలు అక్కర్లేదు, మొత్తాలు చాలు.

మూడోది, అప్పీలు. ధరణి కాలంలో తహసీల్దారు, ఆర్డీవో దగ్గర రెవెన్యూ కోర్టులు లేకుండా పోయి చిన్న తప్పుకు కూడా సివిల్ కోర్టుకు పోవాల్సి వచ్చింది. 2025 ఏప్రిల్ 14న అంబేద్కర్ జయంతి రోజు ప్రారంభమైన భూభారతిలో రెవెన్యూ అధికారుల దగ్గర అప్పీళ్లకు మళ్లీ చోటుంది. పార్ట్–బి కేసులు, విస్తీర్ణం తప్పులు, విరాసత్ దరఖాస్తులు రాతపూర్వకంగా వేసి రసీదు తీసుకోండి. ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 న్యాయసేవల చట్టం ఇచ్చిన హక్కు. జిల్లా న్యాయసేవాధికార సంస్థ దగ్గరకు పోవచ్చు.

నాలుగోది, దౌర్జన్యం జరిగితే దాన్ని భూవివాదంగా మాత్రమే చూడనివ్వకండి. ఎస్సీ, ఎస్టీల భూమిని అక్రమంగా ఆక్రమించడం, దున్నడం, వాళ్లను వెళ్లగొట్టడం అత్యాచారాల నిరోధక చట్టంలోని 3(1)(ఎఫ్), 3(1)(జి) కింద నేరాలు. పోలీసులు 'సివిల్ మ్యాటర్' అని పంపేస్తే ఆ సెక్షన్లు రాసిన ఫిర్యాదు చేతిలో ఉండాలి.

చివరగా ప్రభుత్వాన్ని అడగాల్సిన నాలుగు మాటలు ఇవి. రికార్డులో సాగుదారు కాలమ్ తిరిగి పెట్టాలి. గ్రామసభ ధ్రువీకరణతో కౌలుదారుకు సాయం ఇవ్వాలి. ఎకరాలకు పరిమితి పెట్టి, మిగిలిన డబ్బును కూలీ కుటుంబాలకు, ఎకరా లోపు కుటుంబాలకు మళ్లించాలి. చేవెళ్లలో ఇచ్చిన అసైన్డ్ భూముల హామీని గ్రామాల వారీ జాబితాతో అమలు చేయాలి. ఇందులో కొత్త చట్టం అవసరమైనవి కొన్నే. మిగిలినవి ఉన్న చట్టాలను దళితవాడ వైపు నుంచి చదివితే చాలు.